మధ్యలో ఎవరూ లేకుండా

ప్లగ్గు పీకింది అత్తగారే. అందులో అనుమానానికి తావు లేదు. తీగ ఇంకా ఆవిడ చేతిలోనే వేలాడుతోంది.

వంటింటి మూల, బియ్యం డబ్బా పక్కన, పాత కంప్యూటరు మొహం నల్లగా పెట్టుకుని కూర్చుంది. పొద్దుటి దాకా దాని నుదుట చిన్న పచ్చ దీపం మినుకుమినుకుమనేది. ఇప్పుడది లేదు.

"అత్తయ్యా, శుక్రవారం నా వైవా" అంది కోడలు గుమ్మంలోనే నిలబడి. భుజాన సంచి ఇంకా దించలేదు. "మీ అత్తయ్య నీ కంప్యూటరు డబ్బా పీక నొక్కేసిందమ్మా" అని మావయ్య యూనివర్సిటీకి ఫోను చేసిన దగ్గర్నుంచి ఆమెకు కాలు నిలవలేదు. ల్యాబులో కుర్చీ మీద శాలువా కూడా మరిచిపోయి వచ్చేసింది.

"తెలుసు."

"ఇంకా మూడు రోజులే ఉంది."

"నాకూ లెక్క వచ్చు."

"మరి ఎందుకు పీకేశారు?"

అత్తగారు తీగను జాగ్రత్తగా చుట్టచుట్టి పొయ్యి గట్టు మీద పెట్టారు. కోపంలో కూడా వస్తువుల్ని విసిరేసే అలవాటు ఆవిడకు లేదు. అది చూసే కోడలికి మరీ భయం వేసింది.

"పొద్దున తొమ్మిదింటికి మీ మావయ్య చొక్కా వేసుకుని, తల దువ్వుకుని కూర్చున్నారు. ఎక్కడికండీ అన్నాను. మోకాలికి వ్యాయామం చేయించుకోవడానికి అన్నారు. ఎవరు తీసుకెళ్తారు అన్నాను. గోరింక వస్తుంది అన్నారు. ఎవరు చెప్పారు అంటే, నీ డబ్బాని చూపించారు."

"అదే కదా అత్తయ్యా దాని పని."

"నా మాట అవనీ. కింద హారన్ మోగింది. ఆయన దిగివెళ్ళారు. నేను బాల్కనీలోకి వెళ్ళి, పైకి రావే, కాస్త కాఫీ తాగి వెళ్ళు అని అరిచాను. అది తలెత్తి చూడనైనా లేదు. పదకొండింటికి ఆయన్ని కిందే దింపేసి, అటునుంచి అటే వెళ్ళిపోయింది. నా కూతురు నా ఇంటి ముందుకొచ్చి, నాతో ఒక్క మాట మాట్లాడకుండా పోయింది. ఎందుకు మాట్లాడుతుంది? నీ డబ్బాతో మాట్లాడేసింది కదా."

గోరింక అంటే కోడలి ఆడపడుచు. చిన్నప్పటి నుంచీ నోరు మూతపడని పిల్ల కాబట్టి ఇంట్లో ఆ పేరు స్థిరపడింది. ఈత నేర్పే టీచరు. రెండు వీధుల అవతల, సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన రెండు గదుల్లో ఒక్కతే ఉంటుంది.

"అత్తయ్యా, మీరొకసారి కూర్చోండి."

"నిలబడే వింటాను."

"పోయిన చలికాలం మీకు ఐదు రోజులు జ్వరం వచ్చింది, గుర్తుందా? మనదీ మీ పిల్లలవీ కలిపి నాలుగిళ్ళలో ఎవరికీ ఏమీ తెలియలేదు. మావయ్య రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళనేలేదు. మూడోసారి మిగతా మూడిళ్ళ వాళ్ళూ మూడు బళ్ళేసుకుని ఒకేసారి వచ్చారు. అన్నీ మీ తలలోనే ఉంటాయి కదా. మీరు పడుకుంటే అందరం పడుకున్నట్టే."

"అయితే?"

"మా గైడ్ మేడమ్ క్లాసులో ఒక బొమ్మ గీసింది. మధ్యలో ఒక చుక్క, చుట్టూ చుక్కలు. అన్ని గీతలూ మధ్య చుక్కకే. అది ఆగిపోతే అన్నీ ఆగిపోతాయి అంది. అందరూ రాసుకున్నారు. నేను మాత్రం, అదిగో మా అత్తయ్య అన్నాను. క్లాసంతా నవ్వింది."

"నన్ను చూసి నవ్వారా?"

"నన్ను చూసి. తర్వాత మేడమ్, అయితే మీ ఇంటినే ప్రాజెక్టుగా తీసుకో అంది." కోడలు సంచి దించి నేల మీద పెట్టింది. "మధ్యలో ఎవరూ లేకుండా, ఇంటికొక డబ్బా, అందులో ఒక చిన్న ఏజెంటు. ఏజెంటంటే మనిషి కాదు, ఆ ఇంటి తరఫున మాట్లాడే ప్రోగ్రాము. మావయ్యని ఎవరు తీసుకెళ్తారని మన ఇంటి ఏజెంటు అడుగుతుంది. మిగతా మూడూ వాళ్ళ వాళ్ళ తీరిక చూసుకుని, నేనంటే నేనని తేల్చుకుంటాయి. ఎవరి మీదా భారం పడదు."

"ఓహో. నన్ను మధ్యలోంచి తీసేశావన్నమాట."

ఆ మాట ఆవిడ మామూలుగానే అన్నారు. కోడలికే ఎక్కడో చివుక్కుమంది.

రెండేళ్ళ కిందట, పెళ్ళయ్యాక మళ్ళీ ఏం చదువులే అని ఆమె దరఖాస్తు చింపేయబోతే, చేతిలోంచి లాక్కుని పోస్టులో వేసొచ్చింది ఈవిడే. పరీక్షల ముందు పుస్తకం ముందు పెట్టుకుని నిద్రపోతుంటే, తట్టి లేపకుండా లైటార్పిందీ ఈవిడే.

"మీరు నూటరెండు జ్వరంతో దుప్పట్లో ముడుచుకుని, ఫోను చెవికి పెట్టుకుని, ఎవరెప్పుడు రావాలో చెప్తూనే ఉన్నారు" అంది కోడలు నెమ్మదిగా. "అది చూడలేకపోయాను. అందుకు చేశాను. అంతే."

అత్తగారు వెళ్ళి కుక్కరు కింద మంట తగ్గించి వచ్చారు.

"ఈ ముక్క నెలన్నర కిందట చెప్పడానికి నీకు నోరు రాలేదా?"

"డబ్బా తెచ్చిన రోజు చెప్పబోయాను. మీరు బియ్యం డబ్బా ఎక్కడికి జరపాలా అని గోలలో ఉన్నారు."

అత్తగారి పెదవి చివర ఏదో కదిలింది. నవ్వు అనడానికి లేదు గానీ, తుఫాను కొంచెం తెరిపిచ్చింది.

"కూర్చో. ముందు అన్నం తిను. మొహం చూడు, పీక్కుపోయింది."

అన్నం ముందు పెట్టుకుని కోడలు ల్యాప్‌టాప్ తెరిచింది. ఒక్కసారి చూస్తానంది. తెర మీద నాలుగు గళ్ళు. వాళ్ళ ఇంటి గడి బూడిద రంగుకు తిరిగింది. మిగతా మూడూ పచ్చగా ఉన్నాయి. ఈ ఇల్లు మూగపోయిందని తెలుసుకుని, అది చేయవలసిన పనులన్నీ రెండు నిమిషాల్లో తమలో తాము పంచేసుకున్నాయి.

నిజం ఇల్లు, నిజంగా పీకేసిన ప్లగ్గు. శుక్రవారం పరీక్షకులకు చూపించడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. ఆమె ఎంత బిగబట్టుకున్నా మొహం విప్పారింది.

"నవ్వుతున్నావేం?"

"ఏం లేదత్తయ్యా."

"నేను పీకేసినా దానికి చీమ కుట్టినట్టయినా లేదు. అంతేనా?"

"...అంతే."

"మంచిదే. కష్టపడ్డావు కదా." ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని తెర మీదికి వంగారు. "ఇదేమిటి, ఈ పొడుగాటి పట్టీ?"

"ఎవరు ఏ పని ఒప్పుకున్నారో. ఇది అందరికీ కనబడేదే."

అత్తగారు వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు. మోకాలి వ్యాయామం, గోరింక. మందులు, గోరింక. పెద్దోడి ఇంటికి గ్యాసు మనిషి వస్తే ఉండటానికి, గోరింక. మళ్ళీ వ్యాయామం, గోరింక. వేలు కిందికి దిగుతున్నకొద్దీ నెమ్మదించింది. ఒక చోట ఆగిపోయింది.

"మంగళవారం పొద్దున గోరింక ఎలా వచ్చింది?"

"తీరిక ఉంటే ఏజెంటు సరేనంటుంది అత్తయ్యా. ఆ అమ్మాయి క్యాలెండరు ఖాళీగా ఉండుంటుంది."

"మంగళవారం పొద్దున దానికి బడిపిల్లల బ్యాచ్. ఆరేళ్ళుగా ఉంది. ఒంట్లో బాగాలేని రోజు కూడా మానలేదు. అది నాలుగు మంగళవారాలు వరసగా ఖాళీ అయితే, ఎందుకు ఖాళీ అని నీ ఏజెంటు అడగదా?"

"అడగదు. ఖాళీయా కాదా, అంతే చూస్తుంది."

"నేనైతే అడిగేదాన్ని."

అన్నం ముద్ద కోడలి చేతిలోనే ఉండిపోయింది. ఈ పట్టీని రోజుకు పదిసార్లు చూసింది ఆమె. గోరింక ఇల్లు ఎక్కువ పనులు ఒప్పుకుంటోందని గమనించింది కూడా. పంపకంలో సమతూకం లేదు, సూత్రం కాస్త మార్చాలి అని నోటుబుక్కులో రాసుకుంది. అంతే రాసుకుంది.

"పని పోయిందా దానికి?" అత్తగారు తనలో తనే అనుకుంటున్నట్టు అన్నారు. "పోతే చెప్పదూ? ఏదో ఉంది. అమ్మాయ్, దాని డబ్బాలో ఇంకేమైనా ఉంటుందా?"

"ఉంటుంది. ఎవరి క్యాలెండరు, ఎవరి గమనికలు వాళ్ళ డబ్బాలోనే ఉంటాయి. ఇంకొకరికి కనబడవు."

"నీకూ కనబడవా?"

కోడలు అబద్ధం చెప్పలేకపోయింది. "తప్పులు దిద్దడానికని నా దగ్గర ఒక తాళంచెవి లాంటిది ఉంది. తలచుకుంటే చూడగలను."

"అయితే చూడు."

"చూడను అత్తయ్యా."

"నా కూతురే."

"మీ కూతురే. కానీ ఎవరి గమనికలూ చదవనని నాలుగిళ్ళకూ మాటిచ్చాను. కాగితం మీద సంతకం పెట్టాను. తను నన్ను నమ్మి ఆ డబ్బాని ఇంట్లో పెట్టుకుంది."

ఈసారి తుఫాను తప్పదనుకుని ఆమె తల వంచుకుంది. తుఫాను రాలేదు. అత్తగారు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

"ఆసుపత్రిలో టెలిఫోన్ బోర్డు మీద ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. మీట కిందికి నొక్కి ఉంచితే ఎవరి మాటైనా వినొచ్చు. అందరూ వినేవాళ్ళు. నేను వినలేదు. ఒక్కసారి విన్నాను."

కోడలు తలెత్తింది. ఈ సంగతి ఆమె ఎప్పుడూ వినలేదు.

"ఒకాయన భార్యకి ఆపరేషను జరిగింది. ఆవిడ ఇక దక్కదని ఒక డాక్టరు ఇంకో డాక్టరుతో చెప్తున్నాడు. విన్నాను. సాయంత్రం డ్యూటీ దిగి వెళ్తుంటే ఆయన మెట్ల మీద కూర్చుని అరటిపండు తింటున్నాడు. నన్ను చూసి, టైమెంతమ్మా అని అడిగాడు. నాకు నోరు పెగల్లేదు. టైము కూడా చెప్పలేకపోయాను. నా మొహం చూసి ఆయనకి అంతా తెలిసిపోయింది. పండు అలాగే పట్టుకుని ఉండిపోయాడు." ఆవిడ చెయ్యి బల్ల మీద చాపి, లేని ముడతను సాపు చేశారు. "చూడొద్దులే. నువ్వు చేసింది సబబే. కన్నతల్లిని, నాకు అడగడానికి నోరుంది."

అని ఫోను తీశారు. బోర్డు మీద పనిచేసిన రోజుల్లోలాగే నిటారుగా కూర్చుని, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టారు.

చాలాసేపు మోగింది. ఇక ఎత్తదనుకున్నాక ఎత్తింది.

"హలో! అమ్మా!" గోరింక గొంతు అవసరానికి మించి గట్టిగా ఉంది.

"ఏమే, పైకి రాకుండా వెళ్ళిపోయావేం?"

"ఆఁ, బాగానే ఉన్నానమ్మా."

అత్తగారి కనుబొమలు దగ్గరపడ్డాయి. "భోంచేశావా? ఏం వండుకున్నావు?"

"దింపేశాగా నాన్నని, పదకొండింటికే."

కోడలు ఏదో అనబోతే అత్తగారు చెయ్యెత్తి ఆపారు. ఆవిడ మొహంలో రంగు తగ్గిపోతోంది. అయినా గొంతు పెంచలేదు, తగ్గించలేదు. వార్డుకు లైను కలుపుతున్నంత నెమ్మదిగా, స్పష్టంగా అన్నారు.

"మన ఇంటికి నిప్పంటుకుందే."

"సరేనమ్మా. పనిలో ఉన్నా, మళ్ళీ చేస్తాను. ఉండనా?"

లైను తెగిపోయింది.

"ఎక్కడ నిప్పు? ఎక్కడ?" ముందు గదిలోంచి మావయ్య కుంటుకుంటూ వచ్చారు. ఒక చేతిలో పేపరు, ఇంకో చేతిలో మంచినీళ్ళ చెంబు.

ఎవరూ నవ్వలేదు.

"దానికి వినబడటం లేదు" అన్నారు అత్తగారు.

మావయ్య చెంబు గట్టు మీద పెట్టారు. కుర్చీ కోసం వెతుక్కుంటుంటే కోడలు తన కుర్చీ జరిపి కూర్చోబెట్టింది.

"నేను పక్కనే కూర్చున్నానోయ్" అన్నారాయన పేపరు మడుస్తూ. "నాలుగు వారాలు. ఇదివరకు కారెక్కితే వాగి వాగి నా చెవులు తినేసేది. ఈ మధ్య హాయిగా ఉంది, కాసేపు కునుకు తీస్తున్నాను అనుకున్నాను. పిల్ల ఎదిగింది, నెమ్మదించింది అనుకున్నాను."

అత్తగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి తీసేశారు. తర్వాత చెప్పులు వెతుక్కున్నారు. "పద అమ్మాయ్."

రెండు వీధులూ ఇద్దరూ గబగబా నడిచారు. కోడలి మనసు మాత్రం ఒక్కచోట నిలవలేదు. ఇంతకుముందు ప్రతి ఆదివారం పొద్దున అత్తగారు బల్ల ముందు కూర్చుంటే గంటసేపు ఫోన్లే. అందులో ముప్పావుగంట గోరింకదే. డబ్బాలు వచ్చాక ఆ ఫోన్లు ఆగిపోయాయి. అవసరం లేకపోయింది. వినబడని మనిషికి అంతకంటే మంచి చాటు ఏముంది? ఆ చాటు కట్టింది తనే.

ఎండ నడినెత్తికి వచ్చింది. సైకిలు కొట్టతను చక్రం తిప్పుతూ వాళ్ళని చూసి లేచాడు.

"బెల్లు కొట్టినా ఈ మధ్య ఆ టీచరమ్మ తలుపు తియ్యట్లేదండీ. గడియ పెట్టి ఉండదు, తోసుకుని వెళ్ళండి."

గోరింక వాళ్ళకు వీపు చూపిస్తూ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ముందు పాత కంప్యూటరు. ఏదో టకటకా కొడుతోంది. తలుపు కిర్రుమన్నా తిరగలేదు. అత్తగారి చెప్పు గడపకు తగిలి చప్పుడైనా తిరగలేదు. ఇద్దరి నీడలూ బల్ల మీదికి పాకాక ఉలిక్కిపడి లేచి నిలబడింది.

"అమ్మా! ఏంటిలా వచ్చారు? నాన్నకేమైనా..."

అత్తగారు దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో కూతురి రెండు చెవులూ పొదివి పట్టుకున్నారు. అంతే.

గోరింక మొహం ముక్కలైపోయింది.

కాసేపటికి చెప్పింది. కుడి చెవి ఏడాదిగా మందంగానే ఉందట. నీళ్ళలో నానే చెవి కదా అని పట్టించుకోలేదట. నెల కిందట ఎడమది కూడా పోయింది. చెవుల్లో మోత ఒకటే మిగిలింది.

"ఆ మంగళవారం పిల్లలు పదకొండు మంది. నేను గట్టు మీద ఒక పిల్లకి చేతులు ఎలా ఆడించాలో చూపిస్తున్నాను. నా వెనకాల ఇంకో పిల్ల మునిగిపోతూ నన్నే పిలిచిందట. టీచర్, టీచర్ అని. అవతలి గట్టు మీదున్న ఆయన దూకి తీశాడు. పిల్లకేం కాలేదు. ఏం కాలేదమ్మా, మర్నాడే వీధిలో కనబడి నాకు చెయ్యూపింది కూడా. కానీ నన్ను పిలిచింది. ఐదడుగుల దూరం. నాకు వినబడలేదు." ఆమె ఊపిరి పీల్చుకుంది. "ఆ రోజు నుంచి నీళ్ళ దగ్గరికి వెళ్ళలేదు."

"నాకెందుకు చెప్పలేదే?" అత్తగారు ఒక్కో అక్షరం పెదవులతో దిద్దినట్టు అడిగారు.

"ఎలా చెప్పను? నీ గొంతు వినబడటం లేదని నీకే ఎలా చెప్పను?"

అత్తగారు కూతుర్ని దగ్గరికి తీసుకున్నారు. ఆ భుజం మీదుగా గోరింక వదిన వైపు చూసింది. కళ్ళు తుడుచుకుని, కంప్యూటరు వైపు చూపించింది.

"వదినా, నువ్వు చూశావా?"

కోడలు ఎదురుచూస్తున్న ప్రశ్నే. దీనికి మాత్రం ఆమె దగ్గర నిష్కల్మషమైన జవాబుంది. గోరింకకు పెదవులు కనబడేలా ముందుకొచ్చి, తల అడ్డంగా ఊపింది.

"లేదు. ఒక్క ముక్క కూడా చదవలేదు. నీకు మాటిచ్చాను కదా."

గోరింక తేలికపడుతుందనుకుంది. గోరింక మెల్లగా కుర్చీలో కూలబడింది.

"గమనిక అని చిన్న గడి పెట్టావు కదా వదినా, నాకు మాత్రమే కనబడేది. నెల రోజులుగా రోజూ అందులో రాస్తున్నాను. ఎవరికీ చెప్పలేక. తప్పులు దిద్దడానికి నీ దగ్గర తాళం ఉందని పెట్టిన రోజునే అన్నావు." మాట ఎంత గట్టిగా వస్తోందో ఆమెకు తెలియడం లేదు. కింద సైకిలు చక్రం ఆగిపోయింది. "నువ్వు ఎప్పుడో ఒకప్పుడు చూస్తావనే రాశాను వదినా. చూసి, నువ్వే వస్తావని."

కోడలు కంప్యూటరు వైపు ఒక అడుగు వేసి ఆగిపోయింది.

"ఇప్పుడు చదువు" అంది గోరింక, కుర్చీ పక్కకు జరుపుతూ.

కోడలు వంగి చూసింది. వాళ్ళు వచ్చేసరికి సగంలో ఆగిన ఇవాళ్టి గమనిక తెర మీద ఉంది.

'శుక్రవారం పది గంటలకి చెవికి ఆపరేషను. వినబడితే వినబడొచ్చు, లేకపోతే లేదు అన్నారు. సంతకానికి ఇంట్లోవాళ్ళు ఒకరు కావాలట. మత్తు ఇచ్చేదాకా ఒకరు చెయ్యి పట్టుకుని ఉండొచ్చట. అమ్మ అయితే ఏడుస్తుంది, నేనూ ఏడుస్తాను. వదిన అయితే బాగుండును. కానీ ఆ రోజు అదే టైముకి వదినకి'

"ఏముందమ్మాయ్ అందులో?" వెనక నుంచి అత్తగారు అడిగారు. కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చారావిడ. "పైకి చదువు."

కోడలు ఆడపడుచు మొహం చూసింది. అత్తగారి మొహం చూసింది. వదిన పెదవుల మీద నుంచి చూపు తిప్పకుండా గోరింక ఎదురుచూస్తోంది.